చంద్రలోకంలో కమ్మరి సమ్మెట

కంకణపురంలో వానలు పడి వారమైనా ఒక్క నాగలీ పొలానికి కదల్లేదు. కర్రులు సాగగొట్టే ఆస్థాన కమ్మరి లింగాచారిని ధూమ్రకేశుడనే రాక్షసుడు మూడు నెలల క్రితం చంద్రలోకానికి ఎత్తుకుపోయాడు. తనకు ఆయుధాలు చేయనన్నందుకు అక్కడే గొలుసుతో కట్టేశాడు. రాజు ప్రతాపసేనుడు రోజుకో సభ తీర్చి, మీసం దువ్వుకుని లేచిపోతున్నాడు.

లింగాచారి కూతురు వీరమణికి ఒళ్లు మండిపోయింది. తండ్రి సమ్మెటను భుజాన వేసుకుని ఒంటరిగా అడవి దారి పట్టింది. ముళ్లడొంకలు, మొసళ్ల వాగు దాటి ఒక ముని ఆశ్రమం చేరింది.

ముని ఆమె కోసం గండభేరుండాన్ని రప్పించి, "ధూమ్రకేశుడి పందెం ప్రకారం మూడే దెబ్బల్లో గొలుసు తెంచాలి. లేకుంటే నువ్వూ అక్కడే బందీవి. అక్కడ నీ చేతిని నమ్మకు," అన్నాడు.

"అంటే ఏమిటి స్వామీ?"

ముని అప్పటికే కళ్లు మూసుకున్నాడు. ఈ మునుల వరసే ఇంత, అసలు సంగతి అడిగేసరికి సమాధి. వీరమణి పళ్లు కొరుకుతూ పక్షి వీపెక్కింది.

చంద్రలోకంలో అడుగు వేస్తే నిలువెత్తు ఎగురుతోంది. సమ్మెట గరిటెలా తేలిగ్గా ఉంది. బండకు కట్టేసి ఉన్న లింగాచారి కూతుర్ని చూసి కన్నీళ్లు పెట్టుకున్నాడు. రాక్షసుడు మంత్రంతో నోరు కట్టేయడంతో ఆయన మాట్లాడలేక, ఆమె సమ్మెట వైపే తల ఊపసాగాడు.

"ఆ గరిటెతో ఏం కొడతావు పిల్లా? ఇది తీసుకో. మీ ఊళ్లో నీ సమ్మెట ఎంత బరువో, ఇక్కడ ఇదంత బరువు," అంటూ ధూమ్రకేశుడు ఏనుగు తలంత సమ్మెట చూపించాడు.

నిజంగానే అది చేతికి సరిపోయింది. కానీ తిప్పబోతే మొండికేసింది. తిరగడం మొదలయ్యాక ఆగనంది. వీరమణిని ఈడ్చుకుపోయి ఇసుకలో బోర్లా పడేసింది.

"ఒకటి," అన్నాడు రాక్షసుడు.

తండ్రి ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు.

"ఊరికే ఊపుతావేంటి నాన్నా, నాకేం అర్థం కావట్లేదు," అని ఏడుస్తూ, ఉక్రోషం పట్టలేక వీరమణి తన సమ్మెటను విసిరికొట్టింది. అది వెళ్లి రాతి స్తంభానికి తగిలింది.

"రెండు," అని రాక్షసుడు నవ్వాడు. ఆ నవ్వు ముగిసేలోగా స్తంభం నిలువునా చీలింది.

వీరమణి ఏడుపు ఆగిపోయింది. గరిటె రాతిని చీలుస్తుందా? భూమి లాగేదాంట్లో ఆరో వంతు బలంతోనే చంద్రుడు దాన్ని కిందికి లాగుతున్నాడు, అందుకే చేతికి తేలిక. అంతేగాని సమ్మెటలో ఇనుము రవ్వంతైనా తగ్గలేదు. రాక్షసుడి దాంట్లో ఆరు సమ్మెటల ఇనుముంది. దాన్ని ఎత్తగలదు గాని, ఊపి అదుపు చేయడం ఆమె వల్ల కాదు.

ఆమె తన సమ్మెటనే తెచ్చుకుని, పాదాలను బండ పగుళ్లలో బిగించి, ఇంట్లో కొలిమి దగ్గర కొట్టినట్టే కొట్టింది. గొలుసు తెగింది, తండ్రి నోటికున్న మంత్రమూ వీడింది.

"ఇందాకటి నుంచీ అదే చెబుతున్నానమ్మా," అన్నాడు లింగాచారి.

"తల ఊపితే ఎలా తెలుస్తుంది నాన్నా," అని విసుక్కుని, అడుగు వేయలేని తండ్రిని పసివాడిలా చంకనెత్తుకుంది. పందెం ఓడిన ధూమ్రకేశుడు దారి వదలక తప్పలేదు.

కోట గుమ్మం ముందు పక్షి దిగింది. రాజు ఎదురొచ్చి, వీరమణిని కూడా ఆస్థాన కమ్మరిగా ప్రకటించాడు. ఆమె తల మాత్రం ఊపి, తండ్రిని వీపున ఎక్కించుకుని కొలిమి వైపు నడిచింది. నాలుగడుగులకే నడుం వంగిపోయింది. సాయానికి వచ్చినవాళ్లను దగ్గరికి రానివ్వలేదు.

"బరువుగా ఉన్నానామ్మా?" అని అడిగాడు లింగాచారి.

"ఉన్నావు నాన్నా. అక్కడ ఎత్తుకున్నప్పుడు నువ్వు తరిగిపోయావేమోనని భయమేసింది," అంటూ వీరమణి వెక్కి వెక్కి ఏడ్చింది.