ఎలుగు గుహ ముందు దొర

దొర మట్టి తవ్వుతుంటే రాగి రేకు బయటపడింది. దొర అంటే మనిషి కాదు, సుంకులమ్మ పెంచిన మంద కుక్క. పేరుకు తగ్గ పొగరు, తనకు తోచిందే వేదం. నల్లమల అంచున పాడుబడిన కోటగోడ కింద అది పట్టుబట్టి తవ్విన గుంతలో దొరికిన ఆ రేకు మీద మూడు శిఖరాల కొండ, దాని నడుమ గుహ, గుహలో ఒక బిందె చెక్కి ఉన్నాయి.

నిధి బిందెను చూశాక సుంకులమ్మ మొగుడు మద్దిలేటికి నిద్ర పట్టలేదు. ఆ మూడు శిఖరాల కొండ అతనెరిగినదే. మర్నాడే కాగడా, తాడు, గొడ్డలి సర్దుకొని పెళ్లాంతో బయల్దేరాడు.

"ఆ కుక్కెందుకు మే? గొలుసేసి కట్టేయ్," అన్నాడు.

సుంకులమ్మ వినలేదు. ఆమెకు నిధి మీద ధ్యాస లేదు, ఉన్నదంతా దొర మీదే. దొర ఇద్దరు కాపరులను కరిచింది. అమావాస్యలోపు అది మాట వినకపోతే వదిలించుకోవాల్సిందేనని మంద పెద్దలు తేల్చేశారు. వదిలించుకోవడమంటే చంపడమేనని ఆమెకు తెలుసు.

మొండి కుక్కను కొడితే భయంతో కరుస్తుందని ఆమె తండ్రి అనేవాడు. అందుకే ఆమె కర్ర ముట్టలేదు. ముద్ద ముందు పెట్టి "ఆగు" అనేది. దొర ఆగి ఆమె కళ్లలోకి చూశాకే తిననిచ్చేది. ఏ కంచె సందైనా ముందు ఆమె దాటాలి, తర్వాతే దొర. దొర గుర్రుమనేది, అలిగేది, పూటంతా పస్తుండేది. మొండితనంలో ఆమె కూడా దానికేం తీసిపోలేదు.

వాగు దాటి, ముళ్లకంప నరుక్కుంటూ, జారే బండలెక్కి మధ్యాహ్నానికి గుహ చేరారు. గుహ నోరు ఇరుకుగా ఉంది. సుంకులమ్మ "ఆగు" అని చెప్పి, కాగడా పట్టుకొని వంగింది. దొర ఆగలేదు. ఆమెను తోసుకొని ముందుకొచ్చి అడ్డంగా నిలబడింది.

"చూశావా? నీ పెంపకమంతా గంగలో కలిసె," అంటూ మద్దిలేటి కామతో కొట్టడానికి గొడ్డలి తిరగేశాడు.

"ఉండు బావా. వాని తోక చూడు."

మొండికేసినప్పుడు దొర తోక నిటారుగా లేస్తుంది. ఇప్పుడది కిందికి వాలి ఉంది, మెడ మీది వెంట్రుకలు మాత్రం నిక్కబొడుచుకున్నాయి. ఇది పొగరు కాదని సుంకులమ్మకు అర్థమైంది. ఆమె వెనక్కి తగ్గింది.

అంతలోనే గుహ దద్దరిల్లేలా బొబ్బ పెడుతూ ఎలుగుబంటి బయటికి దూకింది. దాని వీపు మీద పిల్ల కరుచుకొని ఉంది. దొర దానికెదురు దూకింది. మద్దిలేటి తడబడి బండల మీద పడ్డాడు.

"లెయ్ బావా, పైకెక్కు!"

ఇద్దరూ పెద్ద బండ పైకి పాకారు. కింద ఎలుగు పంజా విసిరితే దొర భుజం చీరుకుపోయింది. అయినా అది వదలలేదు. ఇంకాసేపు అక్కడే ఉంటే చచ్చిపోతుంది. పోట్లాట మధ్యలో పిలిస్తే దొర ఏనాడూ వచ్చింది లేదు.

"దొరా, రా."

సుంకులమ్మ ఒక్కసారే పిలిచింది. పదిసార్లు పిలవడం అలవాటు చేస్తే కుక్క పదకొండోసారికే వస్తుందని తండ్రి నేర్పిన పాఠం. మళ్లీ పిలవకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

దొర ఎలుగును చూసింది, ఆమెను చూసింది. గుర్రుమంటూనే వెనక్కి అడుగులేసి, ఒక్క ఉరుకున బండెక్కి ఆమె పక్కన నిలబడింది. ఎదిరించేవాళ్లు లేకపోయేసరికి ఎలుగు పిల్లతో సహా గుహలోకి వెళ్లిపోయింది. సుంకులమ్మ కుక్క మెడ పట్టుకొని భోరున ఏడ్చింది.

మద్దిలేటి గుహ వైపు చాలాసేపు చూశాడు. "పిల్లతల్లి ఇల్లది. బిందె దాన్నే ఉంచుకోనీలే," అని తలగుడ్డ చించి దొర భుజానికి కట్టబోయాడు. దొర పళ్లు చూపించింది. గుడ్డ ఆమె చేతికిచ్చాడు.

దిగేటప్పుడు ఆశ చావక తనూ పిలిచి చూశాడు. దొర తల కూడా తిప్పలేదు.

"నేను పిలిస్తే రాడేమే?"

"రోజూ ముద్ద నువ్వు పెట్టు. నెలకో, రెణ్ణెల్లకో వస్తాడు."

మద్దిలేటి దొర దారికి అడ్డంగా ఉన్న ముళ్లకంపను గొడ్డలితో పక్కకు తీశాడు.

"అయితే పెద్దోళ్లకు చెప్తాలే," అన్నాడు, "అమావాస్య దాటినా వీనికి నేనింకా ముద్ద పెట్టేది ఉందని."