రెండుసార్లు కుట్టిన జేబు

ప్రతి ఆదివారం పొద్దున్న ఏడింటికి ఆ ఇంట్లో బరువు చూసే కార్యక్రమం ఉంటుంది. కోడలు బరువు మిషను తెచ్చి హాల్లో కిటికీ పక్కన పెడుతుంది. మామగారు స్వెట్టరు కిందికి లాక్కుంటూ వచ్చి, బహుమతి పుచ్చుకోవడానికి వేదిక ఎక్కుతున్నంత హుందాగా దానిమీద నిలబడతాడు. కోడలు వంగి అంకె చూసి, ఫ్రిజ్ తలుపు మీది కాగితంలో రాస్తుంది.

"యాభై నాలుగు మామయ్యా. పోయినవారం ఎంతో ఇప్పుడూ అంతే."

"చూశావా? గుండ్రాయిలా ఉన్నాను," అన్నాడాయన. గొంతు మాత్రం జలుబు చేసినట్టు బొంగురుగా ఉంది.

ఆయన భార్య టైలరమ్మ గుమ్మానికి ఆనుకుని ఆ అంకె వింది. వీధి మొదట్లో ముప్ఫై ఏళ్లుగా ఆమెకో కుట్టుషాపు ఉంది. ఎదురుగా మనిషి వస్తుంటే ఆమెకి మొహం కంటే ముందు నడుము కొలత కనిపిస్తుంది. మెడలో టేపు లేకపోతే ఏదో మర్చిపోయి వచ్చినట్టు తడుముకుంటుంది. ఆ టేపు చెప్పేది ఒకటి, ఈ మిషను చెప్పేది ఒకటి. ఐదు వారాలుగా ఇదే తంతు.

పోయిన నెల భర్త నడుము ముప్ఫై ఒకటి. మొన్న శుక్రవారం, కొత్త పైజామా కుడతానని వంక పెట్టి కొలిస్తే ఇరవై తొమ్మిది. రెండు అంగుళాలు మనిషిలోంచి పోయాయి, మిషనులో మాత్రం ఒక్క గ్రాము కదల్లేదు. టేపు అబద్ధం చెప్పదు. మరి చెప్పేదెవరు? అంకె చూసేదీ కోడలే, రాసేదీ కోడలే.

మూడు నెలల కిందట ఆయనకి పెద్ద ఆపరేషనైంది. గొంతు నుంచి పొట్టకి అన్నం దిగే గొట్టంలో కాన్సరని తేలితే, పాడైన భాగం తీసేసి, పొట్టనే సన్నగా మలిచి పైకి లాగి అతికించారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటే మాట చెప్పాడు. "నా పని సగమే. మిగతా సగం ఇంట్లో జరగాలి. అక్కడ తప్పితే నేను చేసిందంతా వృథా అవుతుంది."

ఆ మాట కోడలు పట్టుకుంది. కొరియర్ ఆఫీసులో సెలవు పెట్టేసి, పెద్దక్షరాలతో కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించింది. రోజుకి ఏడుసార్లు, చిన్న గిన్నెతోనే. తింటూ నీళ్లు తాగకూడదు. తిన్నాక రెండు గంటలు నడుం వాల్చకూడదు. మంచం తలవైపు ఎత్తుగా ఉండాలి. మూడు బంతులున్న ఊపిరి మిషను గంటకోసారి పీల్చాలి. దగ్గు, జ్వరం, ముద్ద అడ్డుపడటం, బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఫోను చెయ్యాలి.

టైలరమ్మకి ఆ చిన్న గిన్నె చూస్తేనే ఒళ్లు మండేది. పిచ్చుకలకి పెట్టినట్టు పెడితే మగమనిషి కోలుకుంటాడా? లారీ నడిపే కొడుకు పది రోజులకోసారి ఇంటికి వస్తే, వాడి చెవిన వెయ్యబోయేది. "డాక్టరు చెప్పిందే కదమ్మా చేస్తోంది," అనేవాడు వాడు పెళ్లాన్ని వెనకేసుకొస్తూ. అదీ ఆమె లెక్కలో వేసుకుంది. ఆ పిల్ల వాలకమే ఆమెకి నచ్చడం లేదు. జుట్టు సరిగ్గా దువ్వదు, వేసుకున్న డ్రెస్సు కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతుంటుంది. ఇదో కొత్త ఫ్యాషను కాబోలని మూతి తిప్పుకునేది.

ఇంకో విచిత్రం, వెనకింటివాళ్ల కుక్క. ఎవర్ని చూసినా మొరిగే ఆ కుక్క, ఈ మధ్య వీళ్ల పెరటి గోడ దగ్గర తోక ఊపుకుంటూ కాపలా కాస్తోంది. నున్నగా బలిసింది కూడా. ఇంట్లో మనిషి చిక్కిపోతుంటే పక్కింటి కుక్క బలవడమేమిటి? పెట్టాల్సిన తిండి ఎటు పోతోందో ఆమెకి లెక్క తేలిపోయింది. ఓపిక లేక ఈ పిల్లే పారబోస్తోందన్నమాట.

"అంకె నేను చూస్తాను. పక్కకి జరుగు," అంది టైలరమ్మ కళ్లజోడు పెట్టుకుంటూ.

కోడలు బిత్తరపోయి జరిగింది. తాళాలు బాగుచేసే వృత్తిలో నలభై ఏళ్లు గడిపిన ఆయన, ఇప్పుడు తనకే తాళం పడ్డట్టు మిషను మీద బిగుసుకుపోయాడు.

యాభై నాలుగే. టైలరమ్మ రెండుసార్లు వంగి చూసింది. ఆయన్ని దింపి తనే ఎక్కింది. డెబ్బై ఒకటి. ఆ విషయంలో మిషను నిజాయితీని శంకించడానికి వీల్లేకపోయింది.

"మిషను బాగానే ఉంది. మరి మీ మామయ్య నడుము రెండంగుళాలు ఎందుకు తగ్గింది? ఏం పెడుతున్నావు ఆయనకి?"

"కాగితంలో ఉన్నవే పెడుతున్నాను అత్తయ్యా."

"పెడుతున్నావో, గోడవతల కుక్కకి విసురుతున్నావో! నేను పొద్దున్న షాపుకెళ్తే చీకటిపడ్డాక వస్తాను. ఎవరు చూడొచ్చారు?"

కోడలి మొహం ఎర్రబడింది. పెళ్లయిన నాలుగేళ్లలో ఆ పిల్ల గొంతు పెంచడం టైలరమ్మ వినలేదు. ఇప్పుడు విన్నది.

"అసలు నేనడగాలి అత్తయ్యా ఆ మాట! మీరొచ్చాక నాకు తెలియకుండా మామయ్యకి ఏం పెడుతున్నారు? తిన్నాక దగ్గుతున్నారు. గొంతు మారిపోయింది. సాయంత్రం గిన్నె ముట్టుకోమంటే పొట్ట నిండుగా ఉందంటున్నారు. పెద్ద పెద్ద ముద్దలు కలిపి తినిపించేస్తున్నారేమోనని రోజూ హడలి చస్తున్నాను. పైకి తన్నుకొచ్చింది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందని డాక్టరుగారు చెప్పారు. మనిషి దక్కడు అత్తయ్యా!"

"నేనా? నేనొక్క ముద్ద పెట్టి ఎరగను!"

"నేనొక్క గిన్నె పారబోసి ఎరగను!"

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. కోపంతో మొదలైన చూపు కాస్తా మధ్యలో ఎక్కడో అనుమానంగా మారింది. అక్కణ్ణించి రెండు తలలూ ఒక్కసారే ఆయన వైపు తిరిగాయి.

"నా నడక టైమయింది," అన్నాడాయన చెప్పుల కోసం వెతుక్కుంటూ.

"తినేటప్పుడు గిన్నె పట్టుకుని పెరటి మెట్ల మీదికి వెళ్తారు. ఎవరైనా చూస్తుంటే ముద్ద దిగదమ్మా, నువ్వు లోపలికెళ్లు అంటారు," అంది కోడలు నెమ్మదిగా.

టైలరమ్మ ఆ మాట వింటూనే ఆయన పైజామా వైపు చూసింది. కుడి జేబు అడుగు కుట్టు తెగిపోతే ఆమె ఒకసారి కుట్టింది. మొన్న సోమవారం చూస్తే మళ్లీ తెగి ఉంది. ఇంట్లో కూర్చునే మనిషికి జేబులెలా చిరుగుతాయా అని విసుక్కుని, ఈసారి గట్టి దారంతో రెండు వరసలు వేసింది.

"ఆ జేబులో ఏముంది?"

"చేతిరుమాలు."

"చేతిరుమాలు బరువుకి నా కుట్లు తెగవు. స్వెట్టరు ఎత్తండి."

ఆయన ఎత్తలేదు. ఆమే ఎత్తి జేబులో చెయ్యి పెట్టింది. గుడ్డపీలికలో చుట్టిన మూట ఒకటి చేతికి తగిలింది. అది తన షాపు పీలికే, పోయినవారం కుట్టిన స్కూలు చొక్కాల నీలం గుడ్డ. విప్పితే లోపల ఇత్తడి తాళం కప్ప. ఇంకోటి తీసింది. ఎడమ జేబులోంచి మరో రెండు తీసింది. చప్పుడు కాకుండా ఒక్కోదాన్ని ఎంత ముద్దుగా చుట్టాడో! కోడలు ఆయన చెయ్యి పట్టుకుని మళ్లీ మిషను ఎక్కించింది.

యాభై ఒకటిన్నర.

టైలరమ్మ నాలుగు తాళం కప్పల్నీ ఆయన ముందు వరసగా పెట్టింది. "ఎందుకండీ? ఎవర్ని మోసం చేద్దామని?"

ఆయన కుర్చీలో కూర్చుని తన చేతులు చూసుకున్నాడు. ఊళ్లో ఎవరి బీరువా మొరాయించినా తెరిచిన చేతులవి.

"నెలన్నర నుంచీ అడ్డుపడుతోంది," అన్నాడు చివరికి. "మొదట గుడ్డు దిగలేదు. తర్వాత మెత్తటన్నం. ఇప్పుడు జావ కూడా ఇక్కడ ఆగి ఆగి వెళ్తోంది. దిగనిదంతా ఆ కుక్కకే పోశాను. మొదట్లోనూ ఇలాగే కదా మొదలైంది. మళ్లీ వచ్చేసిందని అర్థమైపోయింది నాకు."

"అర్థమైతే నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పానుగా, పోయినేడాది. ముద్ద దిగట్లేదే అంటే, నములుకుని తినండి, మీ పళ్లకేం రోగం అని నవ్వావు. ఈసారి చెప్తే ఏడుస్తావు." ఆయన నీలం పీలికని మడత పెట్టసాగాడు. "ఆ హాస్పిటల్ వరండాలో నువ్వు ఏడ్చిన ఏడుపు నేను తలుపు అద్దంలోంచి చూశాను. మళ్లీ చూడటం నావల్ల కాదు. ఉన్నన్నాళ్లు మీరిద్దరూ హాయిగా ఉంటే చాలనుకున్నాను."

హాయిగా! ఇద్దరాడవాళ్లూ ఐదు వారాలుగా ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకున్న ఇల్లది. టైలరమ్మకి పోయినేడాది తను నవ్విన నవ్వు చెవుల్లో మోగింది. కొంగు నోట్లో కుక్కుకుంది, కానీ ఏడుపు ఆగలేదు.

కోడలు మాత్రం ఏడవలేదు. ఫోను అందుకుంది. కాగితం అడుగున రాసి ఉన్న నంబరు నొక్కి, ఆదివారమైనా వదలకుండా, ముద్ద అడ్డుపడటం, దగ్గు, రెండున్నర కిలోలు, అన్నీ గడగడా చెప్పింది.

మర్నాడు గొట్టం లోపలికి కెమెరా పంపి చూశారు. డాక్టరు బయటికొచ్చి టైలరమ్మ మెడలోని టేపు చూస్తూ చెప్పాడు. "అతికించిన చోట కుట్టు బిగుసుకుందమ్మా. గుడ్డ మీద కుట్టు బిగిస్తే ముడుచుకుపోతుందే, అలాగ. ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి వస్తుంది. సాగదీసి వెడల్పు చేశాను. మరో రెండుసార్లు చేయాల్సి రావచ్చు. చూడటానికి మామూలుగానే ఉంది, అయినా చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాను. కానీ ఇంకో నెల దాచి ఉంటే ఛాతీలో చీము పట్టి వచ్చేవారు. అప్పుడు నేను కూడా ఏం చెయ్యగలిగేవాణ్ణో చెప్పలేను."

ఆ ఫలితం వచ్చేదాకా నాలుగు రోజులపాటు టైలరమ్మ కుట్టిన ప్రతి చొక్కాకీ చేతులు తారుమారయ్యాయి. శుక్రవారం కోడలు షాపుకి పరిగెత్తుకుంటూ వచ్చింది. "అత్తయ్యా, ఏమీ లేదట! పరీక్షలో ఏమీ లేదట!"

టైలరమ్మ కాలు కుట్టుమిషను మీదే ఆగిపోయింది. చేతులు జోడించి దణ్ణం పెట్టుకుంది. తర్వాత లేచి, అల్మారాలో దాచుకున్న గంధం రంగు గుడ్డ తీసింది.

"ఇలా రా. నిన్ను అనరాని మాటలన్నాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు, కుట్టడం వచ్చు. చేతులెత్తు."

"ఎందుకత్తయ్యా ఇప్పుడు? మామయ్య గిన్నె టైమవుతోంది."

"ఎత్తమన్నానా!"

నడుము చుట్టూ టేపు తిప్పి చూసి, తప్పు చూశాననుకుని మళ్లీ తిప్పింది. ఇరవై ఎనిమిది. కొలతల పుస్తకంలో ఈ పిల్ల పేజీ తీసింది. పోయిన వేసవిలో తన చేత్తోనే రాసింది, ముప్ఫై రెండు.

ఫ్యాషను కాదు. కొక్కేనికి తగిలించినట్టున్న డ్రెస్సు ఫ్యాషను కానే కాదు.

"నువ్వెప్పుడు తింటున్నావే?"

కోడలు తడబడింది. "తింటున్నానత్తయ్యా. మామయ్యకి ఏడుసార్లు చూసుకునేసరికి... ఒక్కోసారి మర్చిపోతుంటాను."

ముప్ఫై ఏళ్లుగా ఊరందరి నడుములూ చూసిన కళ్లకి, ఇంట్లో ఒక మనిషి నాలుగంగుళాలు కరిగిపోతే కనబడలేదు. టైలరమ్మ ఆ పిల్ల నడుముని టేపుతో సహా వాటేసుకుని, దారప్పోగులు నిండిన నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. కోడలు ఇన్నాళ్లూ దాచుకున్న ఏడుపంతా అప్పుడు బయటపడింది.

"నా తల్లే! నా మొగుడి కోసం నువ్వు ఎండిపోతుంటే, నేను నీ చేతిలో గిన్నె చిన్నదని గుణిసాను కదే!"

ఆదివారం పొద్దున్న ఏడింటికి మళ్లీ బరువు మిషను హాల్లోకి వచ్చింది. ఆయన బనియను మీద వచ్చి, ఎవరూ అడక్కముందే రెండు జేబులూ బయటికి తిరగేసి చూపించాడు. ఫ్రిజ్ మీది కాగితంలో గీత గీసి ఇంకో వరస కలిపి ఉంది. రాసింది ఆయనే, బొంగురు తగ్గిన గొంతుతో చదివి వినిపించిందీ ఆయనే. "కోడలు. రోజుకి మూడుసార్లు, పెద్ద కంచంలో. మామగారు ఎదురుగా కూర్చుని చూడాలి."

"ఎవరైనా చూస్తుంటే నాకు ముద్ద దిగదు మామయ్యా," అంది కోడలు నవ్వుతూ.

"ఆ కబుర్లు నా దగ్గర కాదమ్మా. ఆ మాట కనిపెట్టిందే నేను."

అంకె చూడటానికి టైలరమ్మ కళ్లజోడు పెట్టుకుంది. కానీ ముందు ఆయన్ని ఎక్కనివ్వలేదు. కోడలి చెయ్యి పట్టుకుని మిషను మీదికి నడిపించింది. గంధం రంగు కొత్త డ్రెస్సు జేబులు తడిమి చూసి మరీ ఎక్కించింది.