నాలుగో స్క్రీన్ లెక్క

ఊరి చివరి మల్టీప్లెక్స్‌ని కూలగొట్టడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. ఆరు స్క్రీన్లు, వెయ్యీ నూట నలభై సీట్లు, ఇరవై రెండేళ్ళ వయసు. నాకంటే రెండేళ్ళు చిన్నది. మా పెదనాన్న అందులో గేట్‌మ్యాన్ కాబట్టి నా బాల్యంలో సగం ఆ లాబీలోనే గడిచింది.

కూలగొట్టేవాళ్ళ ఆఫీసుకి నేనే వెళ్ళాను. ఒక్క పూట ఇస్తే పాత ప్రేక్షకుల్ని పిలిచి చివరి ఆట వేస్తానన్నాను. నాలుగో స్క్రీన్‌కి మాత్రమే కరెంటు ఉంది, పగలైతే వాడుకో అన్నారు. అరవై మందిని పిలిచాను. ఈ హాల్లో మీకు గుర్తున్నది రాయండంటూ తలా ఒక కార్డు పంపాను.

కార్డులు భలే వచ్చాయి. "ఇంటర్వెల్లో మా ఆవిణ్ణి మొదటిసారి చూశాను. సెకండాఫ్‌లో ఏం జరిగిందో ఇప్పటికీ తెలీదు," అని ఒకాయన. ఇంకొకావిడ ఇలా రాసింది: "నాలుగో స్క్రీన్‌లో వెనక వరస మూల సీటు ఒక నర్సుది. రాత్రి డ్యూటీ దిగి, చల్లగా నిద్రపోవడానికే మొదటి ఆటకి టికెట్ కొనేది. తెర మీద హీరో చచ్చిపోతుంటే వెనక నుంచి గురక."

నవ్వుకుంటూ ఆ కార్డు పెదనాన్నకి చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు.

తొమ్మిదేళ్ళుగా ఆయన ఆ రోడ్డు తొక్కలేదు. ఇంటి నుంచి పది నిమిషాల దారి. ఆఖరిసారి ఒక్కసారి ఆ హాల్లో అడుగుపెడితే మనసులో ఉన్నదేదో దిగిపోతుందని నా ఆశ. నిజం చెప్పాలంటే ఈ హడావుడి అంతా ఆయన కోసమే.

"నువ్వు రాకపోతే గేటు దగ్గర ఎవరుంటారు పెదనాన్నా?"

"నువ్వున్నావుగా లెక్కలపిల్లవి." బీరువాలోంచి పాత క్లిక్కర్ తీశాడు. అరచేతిలో ఇమిడే ఇనుప డబ్బీ, పైన బొత్తాం, ముందు నాలుగు అంకెలు. మనిషి దాటినప్పుడల్లా నొక్కాలి. "తొమ్మిదేళ్ళ కిందట ఆ రోజు నాలుగో స్క్రీన్‌లోకి నూట ముప్పై ఏడు మంది వెళ్ళారు. తెర వెనక వైర్లు కాలి పొగ వచ్చింది. బయటికొచ్చేవాళ్ళని లెక్కపెట్టాను. నూట ముప్పై ఏడు. లెక్క సరిపోతే తలుపు మూసెయ్యాలి, పొగ పక్క హాల్లోకి పోకుండా. మూసేశాను."

ఆ కథ నాకు తెలుసు. ఒకావిడ చనిపోయింది. కార్డులోని నర్సు ఆవిడేనని అప్పుడే తట్టింది. బయటికొచ్చి, బ్యాగు కోసం మళ్ళీ లోపలికెళ్ళిందని విచారణలో రాశారు.

"మళ్ళీ వెళ్ళలేదే. అసలు బయటికే రాలేదు," అన్నాడు చాలా నెమ్మదిగా. "అందరి వెనకా నేనొచ్చాను. వేలు అలవాటుగా పడిపోయింది. నూట ముప్పై ఏడోవాణ్ణి నేనే. నన్ను నేను లెక్కేసుకున్నాను."

ఆ మాట ఆయన ఇంకెవరికీ చెప్పలేదు.

"వస్తాలే," అన్నాడు ఆయనే.

ఆదివారం పొద్దున పదకొండింటికి ఎండ దంచేస్తోంది. పార్కింగ్ నిండా కార్లు, లాబీ నిండా పలకరింపులు. పాప్‌కార్న్ అమ్మిన అక్క కూడా వచ్చింది. "మీ పెదనాన్న జుట్టు ఎవరికి అద్దెకిచ్చాడు?" అంటే, "నీ మిషన్‌లో వేసి పేల్చావుగా," అన్నాడాయన. చాలా ఏళ్ళ తర్వాత విన్నాను ఆయన వేళాకోళం.

నాలుగో స్క్రీన్ తలుపు దగ్గర ఫోన్‌లో లెక్కపెట్టే యాప్ తెరిచి నేను నిలబడ్డాను. మనిషికొక నొక్కు. అరవై మంది అతిథులు, చివర పెదనాన్న. అరవై ఒకటి. నన్ను నేను లెక్కవేసుకోలేదు. ఆ తప్పు ఈసారి జరగకూడదు.

లోపలికెళ్తూ పెదనాన్న తన క్లిక్కర్ నాకు చూపించాడు. నాలుగు సున్నాలు. "సీట్లు చూసుకో అమ్మాయ్. మనిషి లేస్తే సీటు పైకి మడుచుకుంటుంది. కిందకి ఉందంటే ఎవరో కూర్చున్నట్టే. మనిషి పొరపడొచ్చు, సీటు పొరపడదు."

హాల్లో పాత తివాచీ ముక్కిన వాసన. తెర మీద ఒక్కో ఫొటో వస్తోంది: మొదటి రోజు క్యూ, ప్రారంభం నాటి బెలూన్లు, నీలం చొక్కాలో నవ్వుతున్న పెదనాన్న. జనం గుసగుసలు, చిన్న చిన్న నవ్వులు. తలుపు దగ్గర నేను గోడకి ఆనుకుని చూస్తున్నాను.

అప్పుడు వెనక వరసలోంచి గురక వినిపించింది.

ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. గురక ఆగలేదు. నెమ్మదిగా... బరువుగా... బాగా అలిసిపోయిన మనిషి గురక.

తెర ఆరిపోయింది.

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. లోపల కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. తలుపుల మీది ఎర్ర దీపాలు కూడా వెలగలేదు. కాలిన వైరు వాసన. దాని వెనకే ఇంకో వాసన... ఆసుపత్రిలో సూది వేసే ముందు దూదికి అద్దే స్పిరిట్.

గురక ఆగిపోయింది.

"అందరూ మెల్లగా రండి," అన్నాను. సీట్లు మడుచుకుంటున్న చప్పుడు. ఠప్... ఠప్... ఠప్. ఫోన్‌లో లైటు వేస్తే లెక్క తప్పుతానని వెయ్యలేదు. ఒక చేత్తో ఒక్కో భుజం తాకుతూ, ఇంకో చేత్తో నొక్కుతూ పోయాను. ముప్పై. నలభై అయిదు. యాభై తొమ్మిది. అరవై.

కాసేపు ఎవరూ రాలేదు.

తర్వాత ఒక భుజం. మంచులా చల్లగా, సన్నగా.

అరవై ఒకటి.

"లెక్క సరిపోయిందా అమ్మాయ్?" పెదనాన్న గొంతు, గుసగుసగా.

"సరిపోయింది పెదనాన్నా."

"అయితే తలుపు వెయ్యి."

వేశాను. గడియ పడింది. నడవా దాటి లాబీ వెలుతురులోకి వచ్చి వెనక్కి తిరిగాను. వెనక ఎవరూ లేరు.

"పెదనాన్న ఇటొచ్చాడా?" అని పాప్‌కార్న్ అక్కని అడిగాను.

"రాలేదే. నీతోనే ఉన్నాడనుకున్నాం."

ఆ గుసగుస ఎటువైపు నుంచి వచ్చిందో అప్పుడు గుర్తొచ్చింది. నా వెనక నుంచి కాదు. ఎదురుగా... హాలు లోపలి నుంచి.

పరిగెత్తాను. తలుపు తీసి ఫోన్ లైటు వేశాను. పొగ లేదు. వాసన లేదు. నూట తొంభై సీట్లు, అన్నీ పైకి మడిచి ఉన్నాయి. ఒక్కటి తప్ప. వెనక వరస మూలలో పెదనాన్న కూర్చుని ఉన్నాడు, తల కొంచెం పక్కకి వాల్చి, నిద్రపోతున్నట్టు. చెయ్యి పట్టుకుంటే వేళ్ళు క్లిక్కర్ చుట్టూ బిగిసి ఉన్నాయి.

సున్నా, సున్నా, సున్నా, ఒకటి.

గుండె ఆగిందన్నారు డాక్టర్లు. అంబులెన్స్ వెనక నా కారులో ఒక్కదాన్నే వెళ్ళాను. దారంతా వెనక సీటు బెల్టు పెట్టుకోమని ఒకటే బీప్. వెనక సీట్లో పెట్టిన కార్డుల పెట్టె బరువనుకుని, సిగ్నల్ దగ్గర దాన్ని ముందుకు లాగేశాను. బీప్ ఆగలేదు. ఏడుస్తూ, విసుగులో, ఎవరితో అంటున్నానో తెలియకుండానే, "బెల్టు పెట్టుకోండి," అన్నాను.

వెనక టిక్ అని చిన్న చప్పుడు. బీప్ ఆగింది.

ఆ క్షణంలో అదేం పట్టించుకునే స్థితిలో లేను. సాయంత్రం ఇంటికి చేరాక పార్కింగ్ వాచ్‌మన్ ఫోన్ చేశాడు. కూలగొట్టేవాళ్ళు పెట్టిన కొత్త మనిషి. పెదనాన్న పోయినందుకు రెండు ఓదార్పు మాటలు చెప్పి, మొహమాటంగా అడిగాడు.

"ఆవిడ బాగానే ఉందా అమ్మా? పాపం, అందరూ హాల్లోంచి బయటికి రాగానే వచ్చి మీ కారు వెనక సీట్లో పడుకుంది. ఒళ్ళెరగని నిద్ర. లేపడం ఎందుకులే అని ఊరుకున్నాను."

టార్చి తీసుకుని కిందికి దిగాను. కారు తాళం వేసే ఉంది. అద్దంలోంచి లోపలికి వెలుగు వేశాను.

వెనక సీటు ఖాళీగా ఉంది. బెల్టు మాత్రం పెట్టి ఉంది. అది సీటుకి అతుక్కుని లేదు... ముందుకి ఉబ్బి ఉంది. చూస్తుండగానే కొంచెం పైకి లేచింది. మళ్ళీ దిగింది.

నెమ్మదిగా. బరువుగా.