మిల్లు గేటు దగ్గర మందు వాసన

ఆ మూతబడ్డ నూలుమిల్లు వెనక గేటు దగ్గరికి చీకటిపడ్డాక కుక్క కూడా పోదంటారు. మనుషులు మాత్రం టికెట్టు కొనుక్కుని మరీ పోతారు! భయం కూడా బజారు సరుకైపోయింది, ఏం చేస్తాం… నేను విన్నది విన్నట్టు చెబుతా.

చాలా ఏళ్ల కిందట ఆ మిల్లుకి నిప్పంటుకుంది. వెనక గేటుకి తాళం. నూలు దొంగతనంగా బయటికి పోతోందని వేయించింది యజమాని. తాళంచెవి కూడా ఆయన దగ్గరే. లోపల పనిచేస్తున్న ఆడవాళ్లెవరూ బయటపడలేదు. గేటు విరగ్గొట్టబోయిన వాచ్‌మన్ కూడా అక్కడే కాలిపోయాడు.

జరిగింది ఇంతే. పాతవాళ్లందరికీ తెలుసు. కానీ ఆ మిల్లు చూపించి పొట్టపోసుకునే గైడుకి ఇది మరీ చప్పగా ఉంది. ఉప్పూ కారం తగలద్దూ! వాచ్‌మన్ తప్పతాగి పడిపోయాడన్నాడు. తాళంచెవి జేబులో పెట్టుకుని గురకపెట్టాడన్నాడు. ఇప్పటికీ తూలుకుంటూ వచ్చి తాళం తడుముతాడట… "ఊపిరి పీల్చి చూడండి — మందు వాసన!"

మొదట్లో గేటు చెక్క మీద ఓ మూతెడు మందు చల్లేవాడు. తర్వాత మానేశాడు. చల్లకపోయినా జనానికి వాసన వస్తూనే ఉంది మరి! అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, ఇతగాడిది అతుక్కునే పోయింది. ఇంటికెళ్లి పెళ్లానికి చెప్పి నవ్వుకునేవాడు.

ఒక సాయంత్రం అందరూ వెళ్లిపోయారు. ఒక నడివయసావిడ మాత్రం గేటు పట్టుకుని నిలబడిపోయింది.

"బాబూ… ఆ వాచ్‌మన్ మా నాన్న."

గైడు చేతిలోని టార్చి దించాడు.

"మా నాన్న చుక్క ముట్టి ఎరగడు. ఇప్పుడు బళ్లో మావాణ్ణి తాగుబోతు మనవడంటున్నారు. మీ కథ విన్న పిల్లలేనట. మీతో గొడవపడ్డానికి రాలేదు… నిజం చెప్పండి, చాలు."

తిట్టినా బాగుండేది. ఆ రాత్రి గైడుకి అన్నం సహించలేదు. ఏమైందని పెళ్లాం అడిగింది.

"చచ్చినవాడి నోట్లో మందు పోశానే," అన్నాడు.

"రేపు కాదని చెప్పేస్తే సరి," అంది ఆవిడ. అంత తేలికనుకుంది, పాపం.

మర్నాడు గైడు రమ్మంటే వాచ్‌మన్ కూతురు వచ్చి, జనం వెనకాల గేటుని ఆనుకుని నుంచుంది. గైడు టార్చి ఆర్పాడు. గాలికి గేటు కిర్రుమంది…

"ఇన్నాళ్లూ నేను చెప్పింది అబద్ధం," అన్నాడు. "ఆయన తాగలేదు. గేటు విరగ్గొట్టబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. మందు చల్లింది నేనే. ఇక్కడ ఏ వాసనా లేదు."

చీకట్లో ఓ మగ గొంతు గుసగుసలాడింది —

"భలేవాడివయ్యా! ఇక్కడ గుప్పుమంటుంటే లేదంటావేంటి?"

"అవును… నాకూ వస్తోంది," జనంలోంచి ఓ ఆడగొంతు. "అమ్మో, ఆ దెయ్యమే ఈయన చేత ఇలా పలికిస్తోందేమో!"

"లేదండీ! నా పిల్లల మీద ఒట్టు!"

గైడు గొంతు వణికింది. ఆ వణుకు వాళ్లకి మహా బాగా నచ్చింది. ఒకరి చేయి ఒకరు పట్టుకుని దగ్గరదగ్గరగా జరిగారు. పోయినసారి కంటే ఈసారే బాగా చెప్పాడని ఎవరో మెచ్చుకున్నారు కూడా.

సిగ్గుతో చచ్చిపోయాడు గైడు. వాళ్లని తోసుకుంటూ ఆవిడ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, వాళ్ల మాటలు పట్టించుకోకండి. రేపూ చెబుతా. రోజూ చెబుతా…"

ఆవిడ గేటు చెక్కకి మొహం దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకుని ఉంది. అలాగే తడుముకుని అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బాబూ… మా నాన్న తాగేవాడు కాదు కదూ?"

"కాదమ్మా! కానే కాదు."

"మరి… నాక్కూడా వస్తోందేంటి?"