చుక్కల వరస

ప్రొఫెసర్‌ను ఉదయం తొమ్మిదిన్నరకు, సొంత ల్యాబ్ మెట్ల మీదే, సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చారు. పదింటికల్లా విత్తనాల కోల్డ్ రూమ్ తగలబడింది. పదకొండుకి చీఫ్ ఫోన్ చేశాడు.

"నైన్, ఇక మిగిలింది నీ పొలమే."

ఏజెంట్ నైన్ అప్పటికి రెండు నెలలుగా ఆ పొలంలోనే ఉన్నాడు. అరెకరం పొద్దుతిరుగుడు, నలభై వరసలు. వేషం: పిట్టల కాపలా ముసలాడు. నెరిసిన విగ్గు, చిరిగిన స్వెటర్, చేతిలో రేకు డబ్బా, డబ్బా అడుగున ట్రాన్స్‌మిటర్. అతని వయసు నలభై మూడే. అయినా చిలకలు అతన్ని ఇంట్లో తాతగారిని చూసినట్టే చూసేవి; అంటే లెక్కచేసేవి కావు. అతను మాట్లాడేది కూడా వాటితోనే.

బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది. తుప్పు తెగులు కొత్త రూపమెత్తి పొద్దుతిరుగుడు పంటను ఊళ్లకు ఊళ్లు ఊడ్చేస్తోంది. దానికి మందు అమ్మే విదేశీ ముఠాకు ఆ తెగులే కామధేనువు. తెగులును తట్టుకునే జన్యువున్న మొక్కలు ప్రొఫెసర్ పొలంలో ఒకే ఒక్క వరస. ముఠా ఆ గింజను తన లాకర్లో దాచుకుని, పొలాన్ని బూడిద చేయాలనుకుంటోంది. చీఫ్ ఎరిగినంతలో, ఏ వరసో తెలిసిన మనిషి ఇప్పుడు ప్రొఫెసర్ శిష్యురాలొక్కతే. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకు పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె మూడింటికి వస్తుంది. కోడ్ సరిపోతే పువ్వులు కోసుకోనివ్వాలి.

మూడింటికే వచ్చింది. నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫ్, మట్టి ఎరగని బూట్లు.

"తాతా, ఈ పువ్వులు ఎటు చూస్తున్నాయి?"

"నిన్నటి వైపు."

"అయితే రేపు నా వెనకే వస్తోంది."

కోడ్ పొల్లుపోలేదు. ఆమె వరసల మధ్య నడిచింది. ఏ మొక్క నిలబడుతుందో తేలాలని ప్రొఫెసర్ కావాలనే తెగులు పట్టించిన పొలం అది; ఎక్కడ చూసినా ఆకుల మీద ఇటుకపొడి చల్లినట్టు తుప్పు. ఇరవై ఆరో వరస చివర నాలుగు మొక్కలు మాత్రం మచ్చలేకుండా నవనవలాడుతున్నాయి. ఆమె తిన్నగా వెళ్లి ఆ నాలుగు పువ్వులూ కోసి సంచిలో వేసుకుంది.

నైన్ డబ్బా వాయించడం ఆపాడు. ప్రొఫెసర్ దగ్గర పని నేర్చుకున్న ఎవరూ చేయని తప్పు అది. మచ్చలేని మొక్క గట్టిదేం కాదని ఆయన రోజూ పొలానికొచ్చి నైన్‌కు చెప్పేవాడు. ఫంగస్ దాని దాకా రాలేదంతే, వస్తే అదీ పోతుంది. నిజంగా తట్టుకునే మొక్క ఆకుల మీద సూదిమొనంత చుక్కలుంటాయి. ఫంగస్ దిగిన చోట ఆకు తన కణాలను తానే చంపుకుంటుంది. తిండి దొరక్క ఫంగస్ అక్కడే చస్తుంది. రెండు నెలల కాపలాలో నైన్ ఆ చుక్కలు చూసింది పదిహేడో వరసలోనే. ఆమె దాన్ని ఒరుసుకుంటూ వెళ్లింది గానీ, కన్నెత్తి చూడలేదు.

ఈమె శిష్యురాలు కాదు. అప్పుడు టైమ్ మూడూ ఇరవై.

కారు నాలుగింటికి వస్తుందంటూ ఆమె గట్టు మీద కూర్చుని కబుర్లు మొదలుపెట్టింది. హోటల్ గదుల్లో నిద్ర పట్టదంది. అద్దంలో చూసుకుంటే ఈవేళ ఏ పేరో గుర్తు రాదంది. ఆ తర్వాత అతనివైపు తిరిగింది.

"మీకు ఇంట్లో ఎవరున్నారు?"

పదకొండేళ్లుగా ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. రూల్ ప్రకారం అబద్ధం చెప్పాలి.

"అక్క ఉంది. నేను పోయాననుకుంటోంది."

"అయ్యో. ఒక్కసారి కనబడి రాకూడదూ?"

శత్రువే. ప్రొఫెసర్ రక్తం ఇంకా ఆరనైనా లేదు. అయినా ఆ మాటకు అతని ప్రాణం చల్లబడింది. అక్క జడ వేసే తీరు, అక్క కోపం, అన్నీ చెబుతూ కూర్చున్నాడు.

నాలుగుకు నిమిషం ఉందనగా ఆమె లేచి లిప్‌స్టిక్ తీసింది. అది పెదవుల దాకా పోలేదు. అడుగు తిప్పగానే ఎర్రంకెలు వెలిగాయి: ఐదు, నాలుగు. వరసల మధ్య నడుస్తూ ఆమె గుట్టుగా నిప్పు బాంబులు రాల్చుకుంటూ పోయిందని అతనికి అప్పుడు తెలిసింది. డబ్బాతో మణికట్టు మీద ఒక్కటిచ్చి, లిప్‌స్టిక్ లాక్కుని, ఒకటి దగ్గర వెనక్కి తిప్పాడు.

అసలు శిష్యురాలు హోటల్ బాత్రూమ్‌లో కాళ్లూచేతులూ కట్టేసి ఉండగా, ప్రాణాలతో దొరికింది. ఆమె నోటినుంచి ముఠా కోడ్ లాగగలిగింది గానీ, వరస నంబరు లాగలేకపోయింది. మర్నాడు ఆమే వచ్చి పదిహేడో వరస కోసుకుంది.

రిపోర్టులో కాలమ్‌లున్నాయి. అనుమానం: మూడూ ఇరవై. అరెస్టు: మూడూ యాభై తొమ్మిది. ఆలస్యానికి కారణం అన్నచోట నైన్ చాలాసేపు పెన్ను కొరికి, "సాక్ష్యాల సేకరణ" అని రాశాడు. చీఫ్ "భేష్" అని సంతకం పెట్టాడు. సర్వీసు మొత్తంలో నైన్ నోరు విప్పి చెప్పిన నిజం ఒక్కటే. అది ఇప్పుడు ముద్దాయి వాంగ్మూలంలో, మూడో పేజీలో, భద్రంగా ఉంది.