మామగారి బండి బ్యాటరీలు

శుక్రవారం పొద్దున ఏడున్నరకి అరోరా ఊళ్లోని ఆ ఇంట్లో ఉప్మా తాలింపు చిటపటలాడుతుండగా, పెరట్లోంచి శేషగిరి గొంతు వినబడింది.

"అల్లుడుగారూ! తమరు ఒక్కసారి బయటికి దయచేస్తారా?"

పొయ్యి దగ్గరున్న ఛాయాదేవి చేతిలో గరిటె ఆగిపోయింది. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఆవిడ కనిపెట్టిన సంగతి ఏమిటంటే, మొగుడికి కోపం పెరిగేకొద్దీ మర్యాద కూడా పెరుగుతుంది. మామూలుగా అల్లుణ్ణి 'అనీష్, నువ్వు' అంటాడు. చిరాకేస్తే 'మీరు' అంటాడు. 'తమరు' దాకా వచ్చిందంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

గ్యారేజీ పక్కన కంకర మీద శేషగిరి మోటార్ హోమ్ నిలబడి ఉంది. రిటైరైన నెలలోనే కొన్నాడు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది, అన్నీ ఉన్న బండి. ఇద్దరు కూతుళ్ల పుట్టినరోజులూ మరిచిపోయే మనిషికి దాని టైర్ల వయసు మాత్రం నెలలతో సహా గుర్తుంటుంది. డిసెంబర్‌లో అల్ఫారెట్టాలో పెద్దమ్మాయి ఇంటికి వెళ్తూ దాన్ని చిన్నల్లుడికి అప్పజెప్పాడు. నాలుగు నెలల తర్వాత నిన్ననే దంపతులిద్దరూ తిరిగొచ్చారు. రేపు స్మోకీ కొండలకి ప్రయాణం.

బండి మెట్టు కింద అర తెరిచి ఉంది. లోపల లైట్లకీ ఫ్రిజ్‌కీ కరెంటిచ్చే రెండు బ్యాటరీలు పొట్టలు ఉబ్బి, అంచుల్లో పగిలి ఉన్నాయి.

"ఏమిటండీ ఇవి? అప్పడాలా?" అన్నాడు శేషగిరి.

అనీష్ లాప్‌టాప్ వదిలి చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ వచ్చాడు. వెనకాలే అతని భార్య రష్మి వచ్చింది.

"గడ్డకట్టి పగిలాయి మామయ్యగారూ. చార్జ్ లేని బ్యాటరీ చలికి గడ్డకడుతుంది. ఫుల్‌గా ఉంటే కట్టదు."

"ఆహా! క్లాసు కూడా చెప్తున్నారు! ఆ చార్జ్ పెట్టమనే కదా తమరికి అప్పజెప్పింది? నెలకోసారి ప్లగ్ పెట్టడానికి కూడా తమకి తీరిక లేకపోయిందా?"

"పెట్టాను. ప్రతి నెలా మొదటి ఆదివారం. మీటర్ ఫోటోలు ఉన్నాయి, చూస్తారా?"

"ఫోటోలెందుకండీ, శవాలు కళ్లముందే ఉంటే!"

ఛాయాదేవి కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "పోనీ, చేతకాదని ముందే చెప్పి ఉంటే వేరే ఎవర్నైనా చూసుకునేవాళ్లం కదా అనీష్," అంది. మొగుడి పక్కన ఒక మాట వేయడం ఆవిడకి అలవాటే. ఉద్యోగం పోయి అనీష్ ఈ ఇంటికి చేరిన రెండేళ్లలో అలాంటి మాటలు ఎన్ని వేసిందో ఆవిడకే లెక్క తెలీదు. అతనికి వేరే ఉద్యోగం వచ్చి ఏడాదైనా, ఆ మాటలు మాత్రం ఆగలేదు.

అనీష్ ఆవిడ వైపు చూశాడు. కోపంగా కూడా కాదు. ఆ చూపు ఆవిడకి నచ్చలేదు.

"జనవరిలో మీకు ఫోన్ చేశాను మామయ్యగారూ. మెయిన్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంది, అయినా బ్యాటరీలు దిగిపోతున్నాయి, ఏదో తాగేస్తోంది అన్నాను. మీరేమన్నారో గుర్తుందా? 'తాగేది నువ్వేమో చూసుకో' అన్నారు. స్పీకర్‌లో. వదినా వాళ్లందరూ నవ్వారు."

"జోక్ చేశానయ్యా! జోక్ కూడా తప్పేనా ఈ ఇంట్లో?"

"చలికాలమంతా ప్లగ్‌లో ఉండిపోయే చార్జర్ ఉంటుంది, కొంటానన్నాను. ఇల్లు తగలబెడతావా అన్నారు. మైనస్ పద్నాలుగు చలిలో టార్చ్ పట్టుకుని బండి అంతా వెతికాను. ఫ్యూజులు తీసి చూశాను, బాత్రూమ్ ఫ్యాన్ చూశాను. ఫిబ్రవరికి ఇవి పగిలిపోయాయి. అప్పుడు చెప్పలేదు, అది నా తప్పే. మళ్లీ స్పీకర్‌లో నవ్వించుకునే ఓపిక లేకపోయింది."

"అంతా వెతికారా? ఒక్క మూల కూడా వదల్లేదా?"

"దేవుడి అర ఒక్కటే తెరవలేదు. స్నానం చేయకుండా ముట్టుకోవద్దని అత్తయ్యగారు చెప్పి వెళ్లారు. తీరా స్నానం చేసి వచ్చాక గుర్తు లేదు. అయినా అందులో ఏముంటుందిలే, పటమే కదా అనుకున్నాను."

"చాలు! దేవుడి మీదకి తోస్తున్నారు చూడండి!"

అప్పుడు రష్మి నోరు తెరిచింది. "నాన్నా, ప్లేనోలో అనీష్‌కి ఉద్యోగం ఆఫర్ వచ్చింది. ఇవాళ ఐదింటికల్లా చెప్పాలి. నిన్నటిదాకా నేనే వద్దంటున్నా. ఇప్పుడు అనను. మేం వెళ్లిపోతాం."

శేషగిరి "శుభం! దయచేయండి!" అని బండి తలుపు ధడాలున వేశాడు.

ఛాయాదేవికి ఆ చప్పుడు వినబడలేదు. ఆవిడ చెవుల్లో దేవుడి అర అన్న మాటే తిరుగుతోంది.

ఉప్మా అడుగంటింది. ఆవిడ కదల్లేదు. కిందటి వేసవి సంగతి సినిమాలా కళ్ల ముందు ఆడుతోంది. డ్రైవర్ సీటు పైన చిన్న అరలో వేంకటేశ్వరస్వామి పటం, ముందు పిల్ల వేలంత ఎల్‌ఈడీ దీపం. మొదటి ట్రిప్‌లో ఆయన మెయిన్ స్విచ్ ఆపేసరికి దీపమూ ఆరిపోయింది. దేవుడి దీపం ఆర్పిన బండి ఎక్కనని తను భీష్మించుకు కూచుంది. ఆయన విసుక్కుంటూ నల్ల టేపు, వైరు తెచ్చి, స్విచ్‌తో పనిలేకుండా దీపాన్ని నేరుగా బ్యాటరీకే కలిపేశాడు. "ఇక నీ దేవుడూ నేనూ బతికున్నంతకాలం ఆరదు, సరేనా?" అన్నాడు.

ఆరలేదు. బ్యాటరీలు పగిలేదాకా మూసిన తలుపు వెనక కూచుని చుక్కచుక్కా తాగేసింది.

ఆయన మరిచిపోయాడు. నిజంగానే మరిచిపోయాడు, ఆ మనిషికి నటించడం రాదు. తను నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. బ్యాటరీలు పాతవయ్యాయి అంటారు, అయిపోతుంది. పిల్లలు ప్లేనో వెళ్లిపోతారు. చేతకానివాడన్న పేరు అనీష్‌తో పాటు సూట్‌కేసులో వెళుతుంది.

మధ్యాహ్నం అనీష్ కార్‌లో వెళ్లి రెండు కొత్త బ్యాటరీలు తెచ్చాడు. "నేను అడిగానా?" అన్నాడు శేషగిరి టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

"మీరు అడగలేదండీ. పాడుచేసి పోయాడన్న మాట వెనకాల వినబడకూడదని తెచ్చాను."

నాలుగున్నరకి అతను మెట్టు దగ్గర మోకాళ్ల మీద కూచుని ఆఖరి నట్టు బిగిస్తున్నాడు. శేషగిరి టీ కప్పు పట్టుకుని, తనిఖీకి వచ్చిన ఆఫీసర్‌లా వెనక నిలబడ్డాడు. రష్మి గ్యారేజీ గుమ్మంలో ఉంది. అనీష్ మీటర్ పెట్టి చూసి లేచాడు. "ఫుల్‌గా ఉన్నాయి. మెయిన్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంది. మీ బండి మీకు అప్పజెప్పాను," అని ఫోన్ తీశాడు. ప్లేనో వాళ్లకే.

"అనీష్," అంది ఛాయాదేవి. పెరట్లోకి దిగి బండి దగ్గరికి వచ్చింది. "దేవుడి అర తలుపు తియ్యి నాయనా."

అతను అయోమయంగా చూశాడు. చేతులు చూసుకున్నాడు. గ్రీజు.

"పొద్దున స్నానం చేశానండీ. చేతులే ఇలా ఉన్నాయి. తీయొచ్చా అత్తయ్యగారూ?"

ఇన్ని మాటలు పడి, ఇల్లు వదిలిపోయే ముందు కూడా అడుగుతున్నాడు! ఆవిడ తల ఊపింది.

బండెక్కి తలుపు తీశాడు. మెయిన్ స్విచ్ ఆపేసిన చీకటి బండిలో, పటం ముందు ఆ వేలంత దీపం చక్కగా వెలుగుతోంది. వెనకనుంచి నల్ల టేపు చుట్టిన వైరు కిందికి దిగి ఉంది. అంత వంకరగా టేపు చుట్టేది ఆ ఇంట్లో ఒక్కరే.

శేషగిరి బండిలోకి తొంగి చూశాడు. "ఇది... నువ్వే కదా ఆరకూడదని ఏడ్చింది?" అన్నాడు పెళ్లాంతో.

"అవును. ఏడ్చింది నేను, వైరు కలిపింది మీరు, తిట్లు తిన్నది ఇతను! పొద్దున్నే గుర్తొచ్చింది నాకు. పొద్దున్నుంచీ నోరు మూసుకుని కూచున్నాను, సిగ్గులేనిదాన్ని. ఇంకా నా మీద అరుస్తారా? అరవండి. అతని మీద మాత్రం ఒక్క మాట అన్నారంటే ఊరుకోను!"

ఆవిడ బండెక్కి, చెయ్యి చాచి, ఆ దీపం వైరు తన చేత్తోనే పీకేసింది. దీపం ఆరింది. లెంపలు వేసుకోలేదు. వెక్కివెక్కి ఏడుస్తూ అల్లుడి గ్రీజు చేతులు పట్టుకుంది. "నన్ను క్షమించు నాయనా."

"అయ్యో, అత్తయ్యగారూ, చీర..."

"చీర పోతే పోనీ!"

శేషగిరి కంకరలో రాళ్లు చూస్తూ నోరు తెరిచాడు. ఆ గొంతులో మర్యాద ఒక్క చుక్క కూడా లేదు.

"ఒరే అనీష్. తాగింది నా వైరేరా. నవ్వినవాళ్లందరికీ నేనే ఫోన్ చేసి చెప్తాను, స్పీకర్‌లోనే. ఉండమని మాత్రం అడగను. తిట్టిన నోటితో ఎలా అడుగుతాను? ఐదవడానికి పది నిమిషాలుంది. నీ ఇష్టం."

రష్మి కళ్లు తుడుచుకుంటూ మొగుణ్ణి చూస్తోంది. అనీష్ ఫోన్ వైపు చూశాడు, బ్యాటరీల వైపు చూశాడు.

"మామయ్యా," అన్నాడు చివరికి. పక్కన 'గారు' లేదు. "వచ్చే చలికాలానికి ఆ చార్జర్ కొననిస్తారా? ప్లగ్‌లో వదిలేసేది?"

వచ్చే చలికాలం అన్న మాట అర్థమయ్యేసరికి ఛాయాదేవికి మళ్లీ ఏడుపొచ్చింది. శేషగిరి చల్లారిన టీ గటగటా తాగేసి, గొంతు సవరించుకున్నాడు.

"కొనరా. ఇల్లు తగలబడితే అందరం ఈ బండిలోనే ఉందాం."