అవతలి గట్టు లైటు

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో గిరిధర్ నిద్ర గురించి తెలియనివాళ్ళు లేరు. రాత్రి తొమ్మిది కొట్టేసరికి మంచం ఎక్కుతాడు. తెల్లవారుజామున లారీలు వచ్చే వేళకి స్నానం చేసి, బొట్టు పెట్టుకుని గోడౌను తలుపు తీస్తాడు. తండ్రి హనుమంతరావు పోయి కొట్టు చేతికొచ్చిన నాటినుంచి ఆ క్రమం తప్పలేదు. రాత్రి పెళ్ళిళ్ళకి వెళ్ళినా భోంచేసి, ముహూర్తం చూడకుండానే ఇంటికొచ్చేస్తాడు. రాత్రిళ్ళు మేలుకునేవాళ్ళంటే అతనికి చిన్నచూపు. దొంగలు, రోగులు, పనిలేనివాళ్ళు తప్ప ఆ వేళ ఎవరు మేలుకుంటారని అనేవాడు. కాపలావాళ్ళ సంగతి అతనికి ఎప్పుడూ తట్టలేదు.

అలాంటివాడు ఆ శనివారం రాత్రి కొల్లేటి చెరువుల మధ్యకి వెళ్ళాడంటే అది చెల్లెలి కోసమే. సాహితికి డిగ్రీ పూర్తి కావస్తోంది. అక్కడ రాత్రంతా జరిగే మ్యూజిక్ పార్టీకి క్లాసులో అందరూ వెళుతున్నారని పట్టుబట్టి కూర్చుంది. తల్లి రత్నాంబ కాదనలేకపోయింది.

"నువ్వు వెంట ఉంటేనే పంపుతానురా గిరీ. తీసుకెళ్ళినవాడివి నువ్వే జాగ్రత్తగా తీసుకురావాలి" అంది.

ఆ మాట అతను నెత్తిన పెట్టుకున్నాడు. ఏలూరులో స్కూలునాటి స్నేహితుడు తాహిర్‌ని కారెక్కించుకున్నాడు. తాహిర్‌కి అక్కడ మోటార్లు రివైండింగ్ చేసే కొట్టుంది.

"ఏరా, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చావు. అక్కడ నీకేమైనా సంబంధం చూస్తున్నారా?" అన్నాడు తాహిర్.

"నోరు మూసుకుని ఎక్కు."

"అన్నయ్య దిండు కూడా తెచ్చుకున్నాడు తాహిర్ అన్నా. డిక్కీలో ఉంది చూడు" అంది సాహితి వెనక సీట్లోంచి.

తాహిర్ నవ్వుతూనే కైకలూరు రోడ్డుదాకా వచ్చాడు. గిరిధర్ నవ్వలేదు. దిండు తెచ్చుకోవడంలో తప్పేముందో అతనికి అర్థం కాలేదు.

తారురోడ్డు దిగి, గట్ల మీద మట్టిదారిన చాలా దూరం పోయాక ఆ చోటు వచ్చింది. చేపల పట్టుబడి అయ్యాక నీళ్ళు తోడేసి ఎండగట్టిన పెద్ద చెరువు అది. అడుగున మట్టి పలకలు పలకలుగా విచ్చుకుని ఉంది. ఆ గుంట మధ్యలో ఇనప చట్రం కట్టి, ఇంటి గోడంత ఎత్తున స్పీకర్లు పేర్చారు. దీన్నంతా జరిపిస్తున్నవాడు ఉదయ్ కిరణ్. ఆ చెరువులు వాళ్ళ నాన్నవి. కష్టపడి సంపాదించడం తండ్రి పని, దాన్ని గుంటలో పోసి తగలెయ్యడం కొడుకు పని.

సంగీతం అన్నారు. గిరిధర్ చెవులకి అది బోరు వేసే లారీ చప్పుడు. పాట లేదు, పల్లవి లేదు, మనిషి గొంతు లేదు. ధన్ ధన్ ధన్ మని ఇనుము మీద ఇనుము దిగ్గొట్టడమే. ఆ దెబ్బకి కాళ్ళకింద మట్టి పెళ్ళలు కదులుతున్నాయి. దానికి తగ్గట్టు కొన్ని వందలమంది కళ్ళు మూసుకుని, నోళ్ళు తెరుచుకుని తలలు ఊపుతున్నారు. నీళ్ళలో గాలి చాలక పైకి తేలి నోళ్ళు కొట్టుకునే చేపల్లాగే ఉన్నారు. ఎండు పొలుసుల కంపు, డీజిలు కంపు, ఖరీదైన సెంట్ల కంపు కలిసిపోయి కొడుతున్నాయి. వీళ్ళని కన్నవాళ్ళు ఈపాటికి పిల్లలు చదువుకుంటున్నారనుకుని నిద్రపోతూ ఉంటారు కదా అనుకున్నాడు.

సాహితి మాత్రం స్నేహితురాళ్ళతో చేతులు పట్టుకుని హాయిగా ఎగురుతోంది.

"నేను గట్టు మీద ఉంటాను. దాన్ని కాస్త కనిపెట్టి ఉండు" అని తాహిర్‌కి చెప్పి పైకి వచ్చేశాడు.

గట్టుకి ఇటువైపు ఎండిన గుంట, అటువైపు నిండు చెరువు. నిండు చెరువు వైపు తిరిగి నిలబడితే ప్రాణానికి కొంచెం తెరిపిగా ఉంది. నల్లటి నీళ్ళు... కదలిక లేదు. అంత చప్పుడుకి ఒక్క అల కూడా పుట్టడం లేదేమిటా అనుకున్నాడు.

అప్పుడు అవతలి గట్టు మీద లైటు వెలిగింది.

పసుపురంగు టార్చిలైటు. గాలిలో మెల్లగా ఒక సున్నా చుట్టింది. ఆగింది. మళ్ళీ ఇంకొక సున్నా.

గిరిధర్‌కి అది తెలుసు. చిన్నప్పుడు ముదినేపల్లిలో మేనమామ చెరువు మీద చూశాడు. దొంగలు వలలేసి చేపలెత్తుకుపోకుండా గట్లమీద కాపలావాళ్ళు ఉంటారు. ఒకడు లైటు తిప్పి 'మేలుకునే ఉన్నావా' అని అడుగుతాడు. రెండోవాడు తిప్పి 'ఉన్నాను' అంటాడు. అలా జవాబొస్తే మొదటివాడు ధైర్యంగా ఓ కునుకు తీస్తాడు.

పాపం, ఈ గోలకి ఆ ముసలాయనెవరో బెంగపడుతున్నట్టున్నాడు అనుకున్నాడు గిరిధర్. ఈ గుంటలోని పశువుల్లో తానొకడు కాడని, గట్టుమీద బుద్ధిగా ఉన్న మనిషి ఒకడున్నాడని ఆయనకి తెలియాలనిపించింది. ఫోను లైటు వెలిగించి, చెయ్యి పైకెత్తి, నిండుగా ఒక సున్నా చుట్టాడు.

అవతలి లైటు ఆరిపోయింది.

"మీరు తిప్పారాండి?"

వెనక చీకట్లో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. గట్టు మొదట్లో పాకలో ఉండే యేసమ్మ. వచ్చేటప్పుడు కార్లకి దారి చూపించింది ఆవిడే.

"అవునమ్మా. కాపలాయన అడుగుతుంటే జవాబిచ్చాను."

ఆవిడ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "అవతల కాపలా లేదండి. ఆ గట్టు మీద మనిషే లేడండి ఇప్పుడు."

"మరి లైటు?"

"తాతాజీ గారండి. ఆయన అటు, మా ఆయన ఇటు కాపలా ఉండేవోరు. ఒక రాత్రి మా ఆయన తాగి పడిపోయాడండి. తాతాజీ గారు లైటు తిప్పీ తిప్పీ, మావోడికేమైందోనని లేపడానికి బయల్దేరారు. గట్టు చుట్టూ వస్తే ఆలీసమవుద్దని నీళ్ళకి అడ్డంపడి వచ్చారు... తూము దగ్గర తేలారండి."

గిరిధర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"తరవాత రాత్రే లైటొచ్చింది. మా ఆయన తిప్పాడు. ఇంక తాతాజీ గారు మా ఆయన్ని పడుకోనివ్వలేదండి. కన్ను మూస్తే చాలు, వచ్చి లేపేసేవోరు. నిద్దర లేకపోతే మనిషి ఎన్నాళ్ళుంటాడు చెప్పండి? ఆ ఏడు క్రిస్మస్ చూడలేదు మా ఆయన. అప్పట్నుంచీ మేం దీపం కూడా బయటికి కనబడనివ్వం."

"ఈ సంగతి ఉదయ్ కిరణ్‌కి చెప్పలేదా?"

"చెప్పానండి. నవ్వారు."

గిరిధర్ కూడా నవ్వుదామనుకున్నాడు. కింద గుంటలో ఎగిరేవాళ్ళు ఒక రకం, గట్టుమీద ఈ కథలు చెప్పేవాళ్ళు ఇంకో రకం, ఎవరికీ ఒళ్ళు వంచే పనిలేదు అనుకున్నాడు.

అవతల మళ్ళీ లైటు వెలిగింది.

"తిప్పండి బాబుగారూ" అంది యేసమ్మ.

"నేను తిప్పను."

"ఒకసారి ఉన్నానన్నాక ఉండాలండి. తిప్పకపోతే... వస్తారు."

లైటు ఒక సున్నా చుట్టింది. ఇంకొకటి చుట్టింది. ఆగి చూసింది. తర్వాత కొంచెం కిందికి దిగింది. ఇప్పుడది గట్టు మీద లేదు. నీళ్ళ మీద ఉంది.

అదే సమయంలో జనరేటరు ఆగిపోయింది.

స్పీకర్లు చచ్చాయి. దీపాలన్నీ పోయాయి. కింద జనం ఈలలు వేశారు, తిట్టారు, ఆ తర్వాత ఎందుకో వాళ్ళూ ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దంలో గిరిధర్‌కి ఒక చప్పుడు వినబడింది.

ఎవరో మొలలోతు నీళ్ళలో నడుస్తున్నారు... తొందర లేదు. ఒక అడుగు... నీళ్ళు చీలడం... మళ్ళీ ఒక అడుగు...

బురద వాసన గుప్పుమంది.

అతని చెయ్యి తనంతట తానే జేబులోకి పోయింది. ఫోను వెలిగించి తిప్పాడు. చప్పుడు ఆగింది. లైటు ఆరింది. గుంటలో జనరేటరు దగ్గి దగ్గి అందుకుంది. కొన్ని వందల గొంతులు ఒక్కసారిగా అరిచాయి, ఏదో గెలిచినట్టు.

గిరిధర్ గుంటలోకి దిగి, సాహితి చెయ్యి పట్టుకుని, మాట చెప్పకుండా కారు దగ్గరికి లాక్కొచ్చాడు. ఆమె అలిగి వెనక సీట్లో పడుకుంది. ఏలూరులో దిగుతూ తాహిర్ కిటికీలో తల పెట్టాడు.

"మొహం అలా పెట్టావేంటిరా? నిద్ర వేళ దాటిపోయిందనా?"

"ఏం లేదులే. వెళ్ళు."

హైవే ఎక్కాక అంతా మామూలుగానే ఉంది. లారీలు, పెట్రోలు బంకులు, టీ కొట్లు. రాత్రిళ్ళు ఎప్పుడూ మేలుకోని ఒళ్ళు అతనిది. దెందులూరు దాటుతుంటే కళ్ళల్లో ఇసక పోసినట్టయింది. కుడివైపు చేలల్లో ఒక పసుపు లైటు కారుతోపాటే వస్తున్నట్టు అనిపించింది. ఎవరో బండిమీద పోతున్నారనుకున్నాడు. ఒక్క క్షణం... రెప్ప వాలింది.

తడి చెయ్యి ఒకటి అతని భుజం పట్టుకుని కుదిపింది.

బ్రేకు తొక్కాడు. కారు రోడ్డు పక్క కాలవ అంచుమీద ఆగింది. ముందు చక్రం కింద మట్టి జారి నీళ్ళలో పడడం వినబడుతోంది. వెనక సాహితి నిద్రలో ఉంది. చేతులు రెండూ చెంపకింద పెట్టుకుని ఉంది. పొడిగా ఉన్నాయి.

అతని ఇస్త్రీ చొక్కా భుజం మీద అయిదు వేళ్ళ బురద.

అది తమని కాపాడిందో, వెంటపడిందో ఆ రాత్రి అతనికి తెలియలేదు. తరవాత తెలిసింది.

తొమ్మిది కొడుతుంది. మంచం ఎక్కుతాడు. రెప్ప మూతపడుతుండగా తడి చెయ్యి కాలి మడమ పట్టుకుంటుంది. లేచి డాబా మీదికి వెళితే దక్షిణం వైపు లైటు అడుగుతూ ఉంటుంది. తిప్పితే ఊరుకుంటుంది, కాసేపటికి మళ్ళీ అడుగుతుంది. టార్చిలైటు కొన్నాడు. చాప, దిండు పైకి తెచ్చుకున్నాడు. పగలు గోడౌనులో బస్తాల మధ్య ఒరిగినా చెవుల్లో నీళ్ళ అడుగుల చప్పుడే. మనిషి చిక్కిపోయాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. లారీలు వచ్చి హారన్లు కొట్టినా తలుపు తియ్యడం ఆలస్యమవుతోంది.

"రాత్రిళ్ళు డాబా మీద తిరుగుతున్నాడటండీ. ఏం అలవాటు పడ్డాడో" అని మార్కెట్టులో అనుకోవడం అతని చెవిన పడింది. అన్నవాళ్ళ మొహాల్లో ఉన్న చిన్నచూపుని అతను గుర్తుపట్టాడు. అది తనదే.

తల్లికి చెప్పలేదు. చెల్లెలికీ చెప్పలేదు. ఇంకెన్నాళ్ళుంటానని మాత్రం లెక్క వేసుకుంటున్నాడు. యేసమ్మ మొగుడు ఆ ఏడు క్రిస్మస్ చూడలేదు.

ఒకరోజు మెలకువ వచ్చేసరికి మొహమ్మీద ఎండ చురుక్కుమంటోంది.

గిరిధర్ కదలకుండా పడుకుని ఆలోచించాడు. రాత్రంతా నిద్రపోయాడు. ఎవరూ లేపలేదు. ఒళ్ళు దూదిలా తేలికగా ఉంది. కింద వంటింట్లో గిన్నెల చప్పుడు వినబడుతోంది. వదిలిపోయింది... దేవుడి దయవల్ల వదిలిపోయింది అనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తల తిప్పి చూస్తే పిట్టగోడ దగ్గర సాహితి కూర్చుని ఉంది. వీపు ఇటు, మొహం దక్షిణం వైపు. ఆ దిక్కున రైస్‌మిల్లు గోడ డాబాకంటే ఎత్తుగా లేచి ఉంది. దాని అవతల ఏముందో ఎవరికీ కనబడదు. అన్ని రాత్రులూ ఆ గోడ అక్కడే ఉందన్న సంగతి అతనికి అప్పుడే గుర్తుకొచ్చింది.

"ఎప్పుడొచ్చావే పైకి?"

"రాత్రే. నువ్వు కూర్చునే తూగుతున్నావు. పడుకోబెట్టి దిండు పెట్టాను. నీకు తెలీలేదు." ఆమె ఇటు తిరగలేదు. "లైటు అడుగుతూనే ఉందన్నయ్యా. ఎన్నాళ్ళకో పడుకున్నావు కదా, లేపబుద్ధి కాలేదు. నువ్వు రోజూ చేసేదే నేను చేశాను."

"ఏం చేశావు?"

ఆమె ఒళ్ళోంచి టార్చిలైటు తీసి చూపించింది. అంత ఎండలోనూ అది వెలుగుతోంది.

"పాపం, ఆయన కూడా బాగా అలిసిపోయారు" అంది మెల్లగా. "నేను మేలుకుని ఉంటానన్నాక... పడుకున్నారు."

గిరిధర్ పక్కకి చూశాడు.

చాప మీద అతని పక్కన, ఒక మనిషి పొడవున, తడి పరుచుకుని ఉంది. దిండు సగం అతని తల కింద ఉంది. రెండో సగం నాని, గుండ్రంగా నొక్కుకుపోయి ఉంది.

"సాహితీ" అని కిందినుంచి రత్నాంబ పిలిచింది. "పడుకునే ఉన్నావా ఇంకా?"

"లేదమ్మా" అంది సాహితి. "మేలుకునే ఉన్నాను."

ఎండ ఎక్కింది. డాబా సిమెంటు కాలిపోతోంది. చాప మీది తడి మాత్రం ఆరలేదు... మెల్లగా, నిద్రలో ఒత్తిగిలినట్టు, అతని వైపుకి జరిగింది.